అడుగంటిన డ్రమ్ము

మబ్బు పట్టిందంటే ఆ తల్లికి గుండెల్లో రాయి పడేది. అందరికీ వానంటే చల్లగాలి. ఆవిడకు వానంటే చాకిరీ.

మోకాళ్లు కలుక్కుమంటుంటే మెట్టుమెట్టుకూ ఆగుతూ, చీపురుతో డాబా ఎక్కేది. పావురాల రెట్టలు, ఎండుటాకులు, ఎవరింట్లోంచో ఎగిరొచ్చిన చిత్తుకాగితాలు అన్నీ ఊడ్చేది. వాన మొదలవగానే గొట్టం మూతి కాలవలోకి తిప్పేది. మొదటి నీళ్లంటే డాబాను కడిగిన నీళ్లే. అవి పోవాలి. తడుస్తూ నిలబడి, దోసిట్లో పట్టి చూసి, తేటగా అనిపించాకే గొట్టాన్ని డ్రమ్ములోకి తిప్పేది.

అక్కడితో అయిపోతే బాగుండును. డ్రమ్ములో నీళ్లు ఇసుకా బొగ్గూ నింపిన బకెట్టులోంచి చుక్కచుక్కగా దిగాలి. వాటిని మడతలు పెట్టిన పాత చీర గుడ్డలో మళ్లీ వడపోయాలి. ఆ తర్వాత పొయ్యి మీద కళపెళా కాగాలి. చల్లారాక బిందెలో పోసి మూత పెట్టేది. మూత మీద పళ్లెం బోర్లించేది. పళ్లెం మీద చెంబు.

"ఇంకా నయం, చెంబు మీద నువ్వెక్కి కూర్చోలేదు" అనేవాడు భర్త.

ఇదంతా చిన్నకూతురి కోసం. నిరుడు కొళాయి నీళ్లు తాగడం వల్లే ఆ పిల్లకు కామెర్లు వచ్చాయని తల్లి నమ్మకం. బతికి బయటపడింది, అంతే. "ఇంకోసారి వస్తే ఈ ఒళ్లు తట్టుకోదమ్మా. తాగే నీళ్లు జాగ్రత్త" అన్నాడు డాక్టరు. ఆ మాట ఆవిడ చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. పిల్ల తిననంటే భయం, ఎక్కువ తిన్నా భయం. నిద్రపోతున్న దాని కనురెప్ప ఎత్తి, కన్ను తెల్లగా ఉందో లేదో చూసుకునేది.

"పడుకోనీవే అమ్మా! నా కన్నెక్కడికీ పారిపోదు" అని అటు తిరిగి ముసుగేసేది పిల్ల.

పక్కింటావిడ పిట్టగోడ మీంచి చూసి నవ్వేది.

"మీ ఇంట్లోనే ఇంత భయపడితే మేమంతా ఏమైపోవాలండీ?"

"నా పిచ్చి నాది లెండి" అనేది తల్లి. అని, గుడ్డ ఇంకో మడత వేసేది.

భర్తకు ఓపిక తక్కువ. అన్నాల దగ్గర మొదలెట్టేవాడు.

"ఈ నీళ్లకు చేస్తున్న సేవలో సగం నాకు చేసుంటే ఎప్పుడో బాగుపడేవాణ్ణి. ఊరంతా కొళాయి నీళ్లే తాగుతోంది. చూడకుండా వదులుతారా ఎవరైనా? ఏమ్మా, నువ్వైనా చెప్పు మీ అమ్మకి."

పెద్దకూతురు తల ఎత్తేది కాదు.

"మజ్జిగ ఇలా ఇవ్వండి నాన్నా."

ఇంట్లో తల్లిని వెక్కిరించనిది ఆ పెద్దపిల్ల ఒక్కతే. డ్యూటీకి వెళ్లేముందు బిందెలోంచి రెండు సీసాలు నింపుకుని సంచిలో పెట్టుకునేది. సెలవు రోజున తనే బొగ్గు కడిగి బకెట్టులో పోసేది. రాత్రులు నిద్ర సరిగ్గా పట్టదేమో, కళ్లకింద నలుపు.

"ఏమే, నీళ్లెలా ఉన్నాయి?" అని తల్లి రోజూ అడిగేది.

"బాగానే ఉన్నాయమ్మా" అనేది, చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మబ్బులు రావడం, ఉరమడం, వెళ్లిపోవడం. డ్రమ్ము అడుగంటింది. వంచి తోడినా బురదే వస్తోంది. తల్లి దాన్నే పటిక వేసి తేర్చింది, వడపోసింది, కాచింది. గ్యాసు అయిపోయింది. నడుం పట్టేసింది. చివరికి బిందెలో మిగిలినవి పెద్దమ్మాయి సీసాల్లోకే సరిపోయాయి.

బడికి వెళ్లే పిల్ల ఖాళీ సీసాతో గుమ్మంలో నిలబడింది.

తల్లి కాసేపు ఆ సీసా వంక చూసింది. తర్వాత నడుం మీద చెయ్యి వేసుకుని వంటింట్లోకి నడిచింది.

"ఇంక నా వల్ల కాదే. ఊరందరికీ లేని రోగం నా పిల్లకే వస్తుందా? వస్తే రానీ" అంటూ కొళాయి తిప్పింది. నీళ్లు ధారగా, తెల్లగా, ఏ పాపం ఎరగనట్టు పడ్డాయి.

పెద్దమ్మాయి ఒక్క ఉదుటున వచ్చి కొళాయి కట్టేసింది.

"వద్దమ్మా."

"పక్కింట్లో స్టవ్వు అడిగి కాచి ఇస్తాలేవే."

"కాచినా వద్దు."

తల్లి చెయ్యి అక్కడే ఆగిపోయింది. కూతురి మొహంలోకి చూసింది.

పెద్దమ్మాయి తన సంచిలోంచి ఒక సీసా తీసి చెల్లెలి సీసాలో ఒంపింది. రెండోది తల్లి చేతిలో పెట్టింది.

"ఇవి నువ్వూ నాన్నా తాగండి. సాయంత్రం వచ్చేటప్పుడు నేను నీళ్ల డబ్బా కొనుక్కొస్తా."

"మరి నువ్వు? పగలంతా ఏం తాగుతావే?" అంది తల్లి. వెంటనే తనే సర్దుకుంది. "నా మతి మండా, నీకక్కడ నీళ్లకేం కరువు!"

పెద్దమ్మాయి ఖాళీ సంచి భుజాన వేసుకుని వీధిలోకి దిగింది. కొళాయి దగ్గర బిందెలు పట్టుకుంటున్న ఆడవాళ్లు దారిచ్చి, మర్యాదగా నవ్వారు. తనూ నవ్వాలని చూసింది, కుదరలేదు.

బస్సెక్కి, ఊరి చివర నీళ్ల ట్యాంకుల దగ్గర దిగి, ల్యాబులోకి వెళ్లి తెల్లకోటు తొడుక్కుని, ఊళ్లో కొళాయి నీళ్లు నిక్షేపంగా తాగవచ్చని ఆ రోజు కూడా సంతకం పెట్టింది.