ఆపని నడక

లాయంలో అడుగుపెడుతూనే పశువుల డాక్టరమ్మ మండిపడింది. "నొప్పి మొదలైన పూటే పిలవాలి గానీ, ప్రాణం మీదికొచ్చాకా?"

"పిలిచాం గదమ్మా," అన్నాడు గుర్రాన్ని నడిపిస్తున్న ముసలాయన, ఆగకుండానే. "మొన్న రాత్రి. కడుపునొప్పికి పడి దొర్లితే పేగు మెలిపడుతుంది, నేనొచ్చేదాకా నడిపిస్తూనే ఉండమన్నారు. ఉన్నాను."

ఆమెకు ఆ ఫోను గుర్తొచ్చింది. అప్పుడు వేరే చోట ఈనలేక అవస్థపడుతున్న ఆవు దగ్గరుంది. తర్వాత వీళ్ల సంగతే మరిచిపోయింది. తన మీది కోపమంతా ఆయన మీద వెళ్లగక్కింది.

"బుద్ధుందా? రెండు రోజులా? జరగండి!"

గుర్రంతోపాటే నడుస్తూ స్టెతస్కోపు దాని డొక్కకు ఆనించింది. పేగుల చప్పుడు లేదు. ముందుకాలి వెనక, గుండె దగ్గర పెట్టింది. అక్కడా ఏమీ వినపడలేదు. గొట్టం పాడైందేమోనని తన ఎద మీద పెట్టుకుంది. దడదడ మోగింది.

మళ్లీ గుర్రానికి ఆనించింది. బయట డెక్కల టకటకలే గానీ లోపల ఏ సవ్వడీ లేదు. ఒళ్లు గచ్చులా చల్లగా ఉంది.

"ఇరవై ఏళ్లు నా చేతి మేత తిన్నది," అన్నాడు ముసలాయన పళ్లు నూరుతూ. "నడిపించమన్నదీ మీరే. ఇక ఆపమని కూడా మీ నోటితోనే చెప్పండి."

ఆమె పెదవి కదిపింది.

నడుస్తూనే గుర్రం మెడ తిప్పి, ఆమె నోటివైపు చూసింది.