పెద్దకోడలి గొంతు

"ఇదేం ఏడుపు, మెదెర్? గుర్రమెక్కి పారిపోతూ ఏడుస్తున్నట్టుంది," అంది సాయిపా అపా, హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెడుతూ.

మెదెర్ తెర వంక చూశాడు. ముసలి గొంతును పడుచు గొంతు చేద్దామని క్లిప్ శ్రుతి స్థాయిని మూడు మెట్లు పైకి జరిపాడు. స్థాయి పెరిగింది, దానితోపాటు వేగమూ పెరిగింది. నాలుగు నిమిషాల శోకం మూడు నిమిషాల చిల్లరలో ముగిసిపోయింది.

"నిడివిని కట్టేయడం మర్చిపోయాను అపా. ఒక్క నిమిషం."

కిర్గిజ్ కొండల ఊరు నరీన్‌లో అతని స్టూడియోకి వచ్చేవాళ్ళంతా పెళ్ళిపాటల వాళ్ళే. చావుపాట రావడం ఇదే మొదలు. చుట్టుపక్కల ఎవరింట్లో ఎవరు పోయినా, ఆ ఇంటి ఆడవాళ్ళు పాడి ఏడవాల్సిన మాటలు కట్టిచ్చేది, వయసుకి మర్యాదగా అందరూ అపా అని పిలిచే డెబ్బై ఏళ్ళ సాయిపానే. ఈసారి ఒక పెద్దకోడలి కోసం, ఆమె అత్త పోయే రోజుకని ముందుగానే, మాటలతోపాటు గొంతూ తనే ఇచ్చింది.

మెదెర్ నిడివి గడిలో టిక్కు పెట్టి మళ్ళీ వినిపించాడు. ఇప్పుడు ఏడుపు నింపాదిగా సాగింది. కాకపోతే ఏడుస్తున్నది ఎలుక.

"పెళ్ళిలో అయితే బాగా నవ్వేవాళ్ళు," అంది అపా. ఆమె మాత్రం నవ్వలేదు.

"స్థాయి పెంచితే నోటిని కూడా చిన్నది చేసేస్తోంది. దాన్ని విడిగా ఆపాలి." మెదెర్ ఇంకో మీట జరిపాడు. "ఇంత తంటా ఎందుకు? ఆ కోడలికే నేర్పొచ్చుగా?"

"రెండేళ్ళు నేర్పాను. బిష్కెక్ నగరంలో పెరిగిన పిల్ల. రాగం ఎత్తుకుంటే గొర్రెలు మేత మానేస్తాయి."

"అయితే మామూలుగా ఏడుస్తుంది. ఏం పోయింది?"

"పెద్దకోడలు నాయనా. చావుకి వేసే గుడారంలో అందరికంటే ముందు తనే ఎత్తుకోవాలి. లేకపోతే, అత్త పోతే నోరు పెగల్లేదని ఆడబిడ్డలు బతికున్నన్నాళ్ళూ దెప్పుతారు. వాళ్ళ నోళ్ళు నాకు తెలుసు. ఈ పిల్ల నెమ్మదస్తురాలు, తట్టుకోలేదు."

"ఫోన్‌లోంచి వస్తోందని పట్టుకోరా?"

"ఎలా పట్టుకుంటారు? గుడారం తడిక వైపు తిరిగే కదా ఏడుస్తాం. వచ్చినవాళ్ళకి కనిపించేది వీపు. ఫోను ఒళ్ళో ఉంటుంది, పైన శాలువా ఉంటుంది. భుజాలు కదిపితే చాలు. అది వచ్చు ఆ పిల్లకి."

మెదెర్ క్లిప్ మొదటినుంచి పెట్టాడు. ఈసారి ముప్పై ఏళ్ళ ఆడమనిషి పాడింది. *ఉప్పెక్కువైందని అరిచావు తల్లీ, మంచు కురిస్తే నీ కోటు నాకు కప్పావు తల్లీ.* చరణం చివర వెక్కు రాగానే మాత్రం గొంతు నీళ్ళలో పడ్డ కప్పలా గుడగుడలాడింది.

"అదేం రోగం దానికి?"

"పాట ఉన్నచోట దానికి స్వరం దొరుకుతోంది అపా. వెక్కులో దొరక్క తడుముకుంటోంది." క్లిప్‌ని పదకొండు ముక్కలు కోశాడు. పాడినచోట్లే స్థాయి మార్చి, వెక్కుల్ని ఉన్నవి ఉన్నట్టు వదిలేశాడు. "ఒక్కటే చిక్కు. వెక్కులన్నీ మీ గొంతులోనే ఉండిపోతాయి."

"ఉండనీ. వెక్కుకి వయసేమిటి?"

అతికించి వినిపించాడు. అపా కళ్ళు మూసుకుని చివరిదాకా వింది.

"రెండో చరణంలో రాగం కాస్త జారింది, సరిచేయనా?"

"ముట్టుకోకు. మరీ బాగుంటే ఆడబిడ్డలు నమ్మరు."

మెదెర్ టీ పోసిచ్చాడు. "నిజంగానే కోటు తీసి కప్పిందా ఆ అత్త?"

"ఒక్కసారి. అరవడం మాత్రం రోజూ. పరమ గయ్యాళి."

"మరి ఇంత పొగిడారేం?"

"పోయినవాళ్ళని పొగిడితే ఉన్నవాళ్ళకి పేరు. కోడలికి మంచి పేరు రావాలా వద్దా?"

"ఇప్పుడెలా ఉందావిడ?"

"తింటోంది, తిరుగుతోంది. కొత్త గడ్డి మొలిచేదాకా ఉంటే గొప్పేనన్నారు ఆసుపత్రిలో."

మెదెర్ బయట మంచు వంక చూసి, గడ్డి మొలవడానికి ఇంకా మూడు నెలలుందని లెక్క వేసుకున్నాడు. "ఈ సంగతి తెలుసా ఆవిడకి?"

"ఆవిడకి అన్నీ తెలుసు. కోడలికే ఇంకా చెప్పలేదు. చెబితే ఇప్పుడే నిజంగా ఏడ్చేస్తుంది, అసలు రోజుకి ఓపిక ఉండదు."

కోడలికి ఇదే ఇస్తానంటూ అపా తీసిన తన ఫోన్‌ని కంప్యూటర్‌కి తగిలించాడు మెదెర్. అందులో ఆమె ఇళ్ళవాళ్ళకి నేర్పడానికి పాడిన ఇలాంటి పాటలు ఇరవై దాకా ఉన్నాయి, ఒక్కోదానికి పోయినవాళ్ళ పేరు పెట్టి ఉంది.

"దీనికీ పేరు పెట్టాలి అపా, లేకపోతే ఆ పిల్ల కంగారులో వేరేది నొక్కుతుంది. ఆ అత్తగారి పేరేంటి?"

అపా ఇక చాలన్నట్టు టీ గిన్నె బోర్లించి, తలగుడ్డ ముడి సర్దుకుంది.

"నా పేరే పెట్టు."