గొడుగుకు పడిన ఒక్క ఓటు

"తాళం బల్ల మీద పెట్టి ఇంటికి పోరా సుభానీ. రేపట్నుంచి పన్లోకి రావొద్దు" అన్నాడు పానకాలు.

డ్రైవర్ సుభానీ కారు తాళాన్ని గుప్పిట్లోనే బిగించుకున్నాడు. పద్దెనిమిదేళ్ళుగా అతని ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆ తాళంతోనే.

"నేనేం చేశాను సార్?"

"ఏం చేశావా? నన్ను ఓడించావు!"

ఆరుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన పానకాలు ఏడోసారి ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయి, నిన్న సాయంత్రమే చీరాల పక్కనున్న సొంతూరు చేరాడు. రీకౌంటింగ్ కావాలని అరిచాడు. మళ్ళీ లెక్కపెట్టి మళ్ళీ అదే చెప్పారు. పొద్దున్నే మగ్గాలు ఆపుకుని ఊరంతా ఓదార్చడానికి వచ్చి వాకిట్లో నిలబడింది. ఇప్పటికి మూడు దఫాలు కాఫీ తాగి మరీ ఓదారుస్తోంది.

అసలు మంట పెట్టినవాడు పోలింగ్ ఏజెంటు బాజీ. బూత్‌లవారీ లెక్క తెచ్చి చేతిలో పెట్టాడు. ఊరి బూత్‌లో పడినవి నాలుగు వందల పన్నెండు ఓట్లు. అందులో పానకాలు గుర్తు నిచ్చెనకు నాలుగు వందల పదకొండు. ప్రత్యర్థి శివనాగరాజు గుర్తు గొడుగుకు ఒకటి.

"నియోజకవర్గంలో డెబ్భై వేలమంది గొడుక్కేశారు కదండీ. వాళ్ళందర్నీ వదిలేసి వీడి మీద పడతారేం?" అంది భార్య వెంకటేశ్వరమ్మ.

"వాళ్ళు నాకు వెయ్యకపోతే అది రాజకీయం. నా ఊళ్ళోవాడు వెయ్యకపోతే ద్రోహం! ఆ ఒక్కటీ అటు తగ్గి ఇటు పెరిగుంటే ఈపాటికి నేను దండల్లో ఉండేవాణ్ణి."

"వీడేనని రుజువేంటి?"

"బూత్‌లోంచి బయటికొచ్చి నా మొహం చూళ్ళేదు. పైగా మొన్న ఒంగోలు పెళ్ళిలో ఆ శివనాగరాజు వీడి భుజం మీద చెయ్యేశాడు."

"మీ భుజం మీదా వేశాడుగా?"

"అది మర్యాద!"

పానకాలు రాజకీయ చరిత్ర చెప్పాలంటే గుర్తులు చెబితే చాలు. మొదటి రెండుసార్లూ తిరగలి. మూడోసారి టికెట్ ఇవ్వలేదని కోపమొచ్చి స్వతంత్రుడిగా కొబ్బరికాయ. తర్వాత పదిహేనేళ్ళపాటు వరసగా మూడుసార్లు గొడుగు. ఈసారి నామినేషన్లకు సరిగ్గా పది రోజుల ముందు నిచ్చెన. ఇక అసెంబ్లీలో ఆయన వేసిన ఓట్ల చరిత్ర ఇంకా పొట్టిది. పార్టీ ఎత్తమన్నప్పుడు చెయ్యెత్తాడు, దించమన్నప్పుడు దించాడు. దేనికని అడిగిన పాపాన పోలేదు. ఒకసారి మిర్చి మీద కొత్త పన్నుకు పొద్దున చెయ్యెత్తి, ఆ పన్ను ఎత్తెయ్యాలని సాయంత్రం రైతులతో కలిసి ధర్నాలో కూర్చున్నాడు. అక్కడా ఉత్సాహంగానే చెయ్యెత్తాడు.

"అల్లా సాక్షిగా నిచ్చెనకే నొక్కాను సార్" అన్నాడు సుభానీ. ఈ వయసులో కొత్తగా పని ఎవరిస్తారు? పదిమందిలో ఏడుపొచ్చేట్టుంది అతనికి.

"సాక్ష్యాలు నాకొద్దు. ఒరేయ్ బాజీ, ఆ పెట్టె తీసుకురారా!"

పెట్టె అంటే ప్రచారంలో ఊరూరా తిప్పిన డమ్మీ ఓటింగ్ మిషను. ఏ మీట నొక్కినా బీప్‌మని కూస్తుంది, దాని పక్కన ఎర్రలైటు వెలుగుతుంది. దాని మీద నిచ్చెన బొమ్మ ఒక్కటే ఉంది. బాజీ మిగతా గుర్తులన్నీ స్కెచ్ పెన్నుతో గీసి, అసలు మిషన్లో ఉన్న వరసలోనే అంటించాడు.

"ఒక్కొక్కళ్ళే రండి. ఆ రోజు ఎలా నొక్కారో అలాగే నొక్కండి. అబద్ధమాడేవాడి వేలు తడబడుద్ది. నేను పట్టేస్తా" అన్నాడు పానకాలు.

జాన్ బాషా వచ్చి నొక్కాడు. నిచ్చెన. గుల్జార్ బేగం నొక్కబోతూ ఆగింది.

"ఈసారి నొక్కితేనన్నా నా పింఛను వస్తుందా అయ్యా?"

"ముందు నొక్కమ్మా!"

నిచ్చెన. వెంకటేశ్వరమ్మ ఆయన్ని ఒక చూపు చూసి మరీ నొక్కింది. నిచ్చెనే. అలా వరసగా ఇరవైమంది నొక్కారు. చివరికి సుభానీని ముందుకు నెట్టారు. అతను అరచేతిని చొక్కాకు తుడుచుకున్నాడు. వేలు చాచాడు. అది గాల్లోనే వణికి, ఆగి, మెల్లగా నిచ్చెన మీద దిగింది.

"చూశారా! వణికింది! దొరికాడు దొంగ!"

"పని పోతుందంటే వణకదా సార్?"

"నోర్ముయ్! తప్పు చెయ్యనోడికి వణుకెందుకు? పెట్టు తాళం!"

సుభానీ తాళం బల్ల మీద పెట్టాడు. వాకిట్లో జనంలో తమకెందుకొచ్చిన గొడవలే అని సగంమంది, ఇంకోసారి కాఫీ ఇస్తారేమోనని సగంమంది ఊరుకున్నారు.

"ఏమండీ, ఉసురు తగులుతుంది" అంది వెంకటేశ్వరమ్మ.

"ఉసురా? ఓటెయ్యడమంటే ఎలాగో వీడికి తెలియాలి. ఇటు రారా, చూడు!" పానకాలు చొక్కా చేతులు పైకి మడుచుకుని పెట్టె ముందుకొచ్చాడు. "నిజాయితీగా వేసేవాడికి చెయ్యి వణకదు. కన్ను వెతకదు. ఆ రోజు నేను అద్దంలో పడే చీటీ కూడా చూసుకోలేదు. ఎందుకు చూడాలి? నా మీద నాకు నమ్మకం. లోపలికెళ్ళా, ఇదిగో, ఇలా ఒక్క నొక్కు నొక్కా, వచ్చేశా!"

పెట్టె బీప్‌మంది. గొడుగు పక్కన ఎర్రలైటు వెలిగింది.