పైనుంచి దిగినవాడు

తిమ్మప్ప సెల్ టవర్ ఎక్కి రెండు గంటలైంది.

కొత్త పాసుపుస్తకాలు వచ్చినప్పుడు అన్నదమ్ముల రెండెకరాలూ ఎవరి పేరు మీదికో ఎక్కిపోయాయి. మూడేళ్లు ఆఫీసు చుట్టూ తిరిగి చెప్పులరగ్గొట్టుకున్నారు గానీ పని కాలేదు. నిరుడు పక్క ఊళ్లో ఒకాయన టవరెక్కితే గంట తిరక్కుండా ఆఫీసరే వచ్చి సంతకం పెట్టిపోయాడు. అది చూసే అన్న వెంకటన్న తిమ్మప్పను ఎక్కమన్నాడు. మోకాళ్ల నొప్పులు లేకపోతే తానే ఎక్కేవాడు.

మొదటి గంట తిమ్మప్ప బాగానే అరిచాడు. ఆఫీసరు రావాలన్నాడు, కాగితం తేవాలన్నాడు. తర్వాత అరుపులు ఆగిపోయాయి. ఇనుప కడ్డీని రెండు చేతులా వాటేసుకుని ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయాడు.

"మొండోడు. గట్టిగనే నిలబడ్డడు," అని వెంకటన్న మురిసిపోయాడు.

ఆ రోజు పెబ్బేరు ఎడ్ల సంత. వచ్చే ఆటో, పోయే ఆటో అన్నీ టవర్ దగ్గరే ఆగుతున్నాయి. ఒక ఆటోలోంచి నలభై ఏళ్ల మనిషి దిగి, ఎడమకాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. ఎద్దు బేరం కుదిరినట్టు లేదు, భుజాన కొత్త పగ్గం ఒక్కటే ఉంది.

చాలాసేపు పైకి చూసి, పైనున్నాయన తాలూకు ఎవరని అడిగాడు. తనేనన్నాడు వెంకటన్న.

"నీ తమ్ముడు మొండికి నిలబడలే అన్నా. భయానికి బిగుసుకపోయిండు. చేతులు ఇంక ఎక్కువసేపు ఆగయ్. నేను ఎక్కి దింపుత, ఇంకొక పగ్గం ఇప్పియ్యి."

వెంకటన్నకు ఒళ్లు మండింది. అరగంటలో వస్తానని ఆఫీసరు అప్పుడే ఫోన్ చేయించాడు. ఇప్పుడు తమ్ముడు దిగితే ఆ ఆఫీసరు మళ్లీ మొహం చూపించడు.

"నేల మీదనే సక్కగ నడవనోనివి, నువ్వేం ఎక్కుతవ్?"

"దీనికంటె పొడుగువి చూసిన."

దుబాయిలోనా, అని గుంపులో ఎవరో నవ్వారు. దుబాయి అంటే ఎవరికైనా ఆ బిల్డింగే గుర్తుకొస్తుంది, ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తయినది. ఊళ్లో సగం సెల్‌ఫోన్లలో దాని బొమ్మ ఉంది.

"ఔ. కాని ఎక్కలే. దిగిన," అన్నాడు ఆ మనిషి.

జనం ఇంకా నవ్వారు. ఎక్కకుండా దిగడం ఎక్కడైనా ఉందా? పొద్దున్నే కల్లు పడిందన్నారు. వెంకటన్న అతని భుజం పట్టి పక్కకు నెట్టాడు.

అతను పోలేదు. టవర్ మొదట్లో కూర్చుని పగ్గానికి ముళ్లు వేసుకోసాగాడు.

అరగంట అయింది. ఆఫీసరు రాలేదు. వనపర్తి నుంచి ఫైరింజనూ రాలేదు. పైన తిమ్మప్ప మోకాళ్లు వణకడం కింది వరకూ కనిపించింది. అప్పటికి గానీ వెంకటన్నకు తమ్ముణ్ణి దింపాలని తోచలేదు.

ఇలాంటప్పుడు అందరూ చేసేదే తనూ చేశాడు. కూరగాయల ఆటో మైకు తెప్పించి, తల్లి బాలనాగమ్మను పిలిపించాడు.

మైకు చూడగానే ఆ మనిషి లేచి వచ్చాడు.

"దండం పెడ్త అన్నా. పేరు పెట్టి పిలువొద్దు. పిలిస్తె కిందికి చూస్తడు. చూస్తె చెయ్యి ఇడుస్తడు."

"కన్నతల్లి పిలిస్తె దిగనోడు ఇంకెవరు పిలిస్తె దిగుతడు? నువ్వు జర పక్కకు జరుగు."

అతను పగ్గం నడుముకు చుట్టుకుని టవర్ మెట్టు మీద కాలు పెట్టాడు. నలుగురు పట్టి కిందికి లాగేశారు. పగ్గం లాక్కుని అవతల పడేశారు.

బాలనాగమ్మ చేతికి మైకు ఇచ్చాడు వెంకటన్న.

"తిమ్మా, నీ అమ్మను వచ్చిన. ఒక్కపారి ఇటు చూడు బిడ్డా."

తిమ్మప్ప చూశాడు.

దవాఖానకు తీసుకెళ్లే దారిలోనే ప్రాణం పోయింది. ఆఫీసరు ఆ రోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. బాలనాగమ్మ మళ్లీ నోరు తెరిచి ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు.

మర్నాడు వెంకటన్న టవర్ దగ్గరికి వెళ్తే పగ్గం అక్కడే పడి ఉంది. రెండు తొడలకు రెండు ఉచ్చులు, నడుముకు ఒకటి. పుట్టినప్పటి నుంచి ఎడ్లతో బతికినా అలాంటి ముడి అతను చూడలేదు. విప్పబోయాడు, రాలేదు.

పన్నెండో రోజున ఆటోవాణ్ణి అడిగి ఆ మనిషి ఆచూకీ పట్టుకున్నాడు. ఊరు బల్మూరు, పేరు మాసయ్య అట. కాళ్ల మీద పడదామని పగ్గం తీసుకుని బస్సెక్కాడు.

మాసయ్య ఇంట్లో లేడు, పత్తి చేనుకు కూలికి పోయాడు. భార్య ఎస్తేరు నులకమంచం వాల్చి కూర్చోమంది. టవరెక్కిన తిమ్మప్ప అన్న తనేనని చెప్పాడు వెంకటన్న. ఎస్తేరు ముఖం విప్పారింది. మంచినీళ్లు తెచ్చిచ్చింది, పగ్గం అందుకుని ముళ్లు తడిమి చూసుకుంది.

గోడకు ఒక ఫోటో ఉంది. ఆ దుబాయి బిల్డింగే. నీలం అద్దాల మధ్య తాడుకు వేలాడుతూ చీమంత మనిషి.

"అద్దాలు తుడిచేటోడా?" అని అడిగాడు వెంకటన్న.

"తుడిచేటోళ్లు వేరే ఉంటరన్నా, అంత ఎత్తుల భయానికి బిగుసుకపోయినోళ్ల కాడికి పైనుంచి తాడు మీద దిగి, వాళ్లను కిందికి తెచ్చుడే మా ఆయన పని, తొమ్మిదేండ్లల్ల పదకొండు మందిని పానంతోటి దింపిండు," అంది ఎస్తేరు, "పన్నెండో మనిషి నీ తమ్ముడే అని చెప్పిండు, ఇప్పుడు బాగున్నడా అన్నా?"