ఏంటెన్నాకి అడ్డు

మళ్లీ సిగ్నల్ పోయింది.

మునీర్ ల్యాప్‌టాప్ మూసి, గది గుమ్మంలో చతికిలబడ్డాడు. నాగాయలంక దిగువన, కరకట్ట మీది చిన్న గది అది. నదిలో నీటిమట్టం కొలిచి, అందులోని రేడియో తనంతట తానే బెజవాడ ఆఫీసుకి పంపాలి. గాలి లేనప్పుడు పంపుతుంది. గాలి లేస్తే మూగబోతుంది.

గాలీ వానా లేకుండా వరదొస్తుందా?

పవర్ పెంచి చూశాడు. ఏంటెన్నా తిప్పి చూశాడు. పోల్ ఎత్తు పెంచితే అదే ఊగిపోయింది. లోపం రేడియోలో లేదు. ఏంటెన్నాకి ఎదురుగా ఒక తాటిచెట్టు, గాలికి తల ఊపుతూ సిగ్నల్ని ముక్కలు చేస్తోంది.

ఫోన్లో ఆఫీసరు విసుక్కున్నాడు.

"ఇంకెన్నాళ్లయ్యా? ఈ నెలాఖరుకి కుదరకపోతే సెట్టు పీక్కొచ్చెయ్. వేరే ఊళ్లో పెడదాం."

"మరి ఈ పల్లె, సార్?"

"వాళ్ల అదృష్టం."

చెట్టు మాణిక్యమ్మది. మొదలుకి పసుపు రాసి, బొట్టు పెట్టి ఉంది. ఆ ముసలామె రోజూ దాన్ని ఒకసారి తడిమిగానీ పొలానికి వెళ్లదు.

"అమ్మా, కొట్టించెయ్యమ్మా. బదులు కొబ్బరి మొక్కలు తెచ్చి నేనే నాటిస్తా."

"అది తప్ప ఇంకేదైనా అడుగు నాయనా."

"మొక్కుకోడానికి చెట్లకేం కరువమ్మా? అడిగేది మీ ఊరి కోసమే!"

అతని నమాజు వేళయిందని తెలుసుకుని ఆమె, వజూకి కాళ్లూ చేతులూ కడుక్కోమని చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. ఆ చెట్టు నీడనే చాప పరిచింది.

నమాజులో మునీర్‌కి మనసు నిలవలేదు. 'చెట్టు పట్టుకు వేలాడే మనిషికి దేవుడెలా తెలుస్తాడు?' అనుకున్నాడు.

లేచేసరికి ఆమె అక్కడే ఉంది.

"నాయనా, నీ పెట్టె పలికితే నీళ్లొచ్చే సంగతి ముందే తెలుస్తదా?"

"తెలుస్తుంది. మైకులో చెప్పి అందర్నీ లారీలెక్కిస్తారు."

"ఎవరూ చెట్లెక్కాల్సిన పనుండదా?"

"చెట్లెందుకెక్కుతారమ్మా!" అన్నాడు, నవ్వే ఓపిక కూడా లేక.

మళ్లీ వెళ్లేసరికి చెట్టు లేదు. మొదలు మాత్రం మిగిలింది, పసుపుతో సహా. గాలి హోరున వీస్తున్నా అంకెలు ఆగకుండా వెళ్తున్నాయి.

'ఏ దూలానికో అమ్ముకుని ఉంటుంది' అనుకున్నాడు. ఆమె కనబడలేదు. అతను వెతకనూ లేదు. సెట్టు పీకే పని తప్పింది, అంతే చాలు.

ఆ ఏడే వరదొచ్చింది. పల్లె మునిగింది. మనుషులంతా ముందే గట్టెక్కారు. ఆఫీసులో మునీర్‌కి శాలువా కప్పారు.

అది పట్టుకుని పల్లెకి వెళ్లాడు. కాలవ లాకు గేట్లు చూసే బసవపున్నయ్య ఎదురొచ్చాడు. గుండు మీద ఇంకా సరిగ్గా జుట్టు మొలవలేదు.

"మాణిక్యమ్మగారేరీ? ఈ శాలువా ఆమెకే చెందాలి."

"వరదకి ముందే పోయిందండీ. చెట్టు కొట్టించాక మంచం పట్టింది, మళ్లీ లేవలా."

మునీర్ చూపు అతని గుండు మీద ఆగింది.

"మీ అమ్మగారా?"

బసవపున్నయ్య తాటి మొదలు వైపు తిరిగాడు.

"కాదండీ. డెబ్భయ్యేడు ఉప్పెన రాత్రి ఒక చేత్తో ఆ చెట్టునీ, రెండో చేత్తో ఎవరి బిడ్డనో తెలియని నన్నూ పట్టుకుని తెల్లారేదాకా ఉందంట."