తెర వెనక ఊపిరి

క్యారియర్‌ని బల్ల మీద పెట్టలేదు రెబ్కా. పడేసింది.

పెళ్ళికి వచ్చిన స్టీలు క్యారియర్ అది. మూత మీద చుక్కల అక్షరాల్లో రెండు పేర్లూ ఉన్నాయి, ఏసోబు, రెబ్కా అని. దారంతా ఆ అక్షరాలని బొటనవేలితో తడుముకుంటూ, ఆయన్ని తిట్టుకుంటూ వచ్చింది.

"మధ్యాహ్నం భోజనానికి వస్తానన్నారు."

తెర వెనక డాక్టర్ ఏసోబు ఏదో బిగిస్తున్న చప్పుడు. తెల్ల దుప్పటి కట్టిన తెర. దాని వెనక యంత్రం బుస్సు బుస్సుమంటోంది. ఆ బుస్సుకి తగ్గట్టు ఊపిరి ఆడుతోంది.

"పొద్దున్నే మాంసం కొట్టు రంజాన్ తలుపు కొట్టి మాంసం ఇచ్చి పోయాడు. డాక్టరు గారు పంపారమ్మా అన్నాడు. అల్లం నూరాను. గసగసాలు నూరాను. పుట్టాక మొదటిసారి మాడకుండా వండాను. తినే మనిషి ఏడీ?"

"రెబ్కా, తలుపు మూసెయ్. ఘాటొస్తోంది."

గుంటూరులో మిరపకాయల కాలం. మిర్చి యార్డు మీంచి గాలి ఇటు తిరిగితే చాలు, ఆసుపత్రి అంతా దగ్గుతుంది. ఏసోబు కిటికీలు బిగించేశాడు. యంత్రం గాలి పీల్చే గొట్టానికి తడిగుడ్డ కట్టాడు. గది పొయ్యిలా ఉంది. రెబ్కా దగ్గింది. అటెండరు పిచ్చయ్య దగ్గాడు. తెర వెనక ఊపిరికి మాత్రం దగ్గు రాలేదు.

తలుపు మూయబోతుంటే సందులోంచి కుక్క తల దూర్చింది. పిచ్చయ్య చీపురు విసిరాడు.

"పొద్దుట్నుంచీ ఇక్కడే తచ్చాడుతోందమ్మా, దీని దుంప తెగ."

సాయంత్రం ప్రొఫెసర్ లక్ష్మీనరసింహం గారు వస్తారు. ఆయన వచ్చేదాకా ఈ ఊపిరి నిలవాలి. నిలిస్తే ఆసుపత్రి వెనకున్న ఈ షెడ్డు ఏసోబుకి ఉంటుంది. ఆగిపోతే రేపు తాళంచెవి తిరిగి ఇచ్చెయ్యాలి. "జీతం తీసుకుని వార్డు చూసుకోవయ్యా, ఈ సర్కసు నీకెందుకు" అని నలుగురి ముందూ అన్నారాయన.

ఆ వార్డులోనే కొండమ్మ ఉంది. చిలకలూరిపేట జిన్నింగు మిల్లులో ఏళ్ళ తరబడి దూది పొడి పీల్చిన మనిషి. కూర్చోలేదు, పడుకోలేదు. మందు లేదు, ఇంటికి పంపెయ్యమని రాసింది ప్రొఫెసరు గారే. "ఈ ఊపిరి నాకొద్దు బాబూ, ఇంకోటుంటే పెట్టు" అంది కొండమ్మ ఏసోబుతో, విసుగ్గా. ఆ మాట విన్నప్పటి నుంచీ అతను ఇంట్లో సరిగ్గా అన్నం తిన్నది లేదు.

ఉన్నట్టుండి ఫ్యాను ఆగింది. యంత్రం ఆగింది.

"పిచ్చయ్యా, కరెంటాఫీసుకి పరిగెత్తు. వాళ్ళని లాక్కురా. ఇక్కడ ఊపిరి పోతోందని చెప్పు." ఏసోబు అరిచాడు.

తెర కిందనుంచి ఒక గొట్టం బయటికొచ్చింది. దాని చివర రబ్బరు బుడగ.

"పట్టుకో. నొక్కి వదులు. నాకు రెండు చేతులూ ఖాళీ లేవు."

రెబ్కా నేలమీద చతికిలబడి నొక్కింది.

"మెల్లగా. చిరిగిపోతుంది."

"మీ మీద కోపం దీని మీద చూపించను లెండి."

నొక్కినప్పుడల్లా గాజులు గలగలమన్నాయి. ఒళ్ళు మండుతున్నా ఆ చప్పుడు ఆమెకి నచ్చింది. గాజుల లెక్కకే నొక్కుతూ పోయింది.

పిచ్చయ్య ఒగర్చుకుంటూ వచ్చాడు. "లైన్‌మ్యాన్ ఇంటికెళ్ళాడంటండి. భోజనానికి."

"వేళకి ఇంటికెళ్ళి తింటున్నాడా? అదృష్టవంతురాలు వాళ్ళావిడ" అంది రెబ్కా తెరవైపు చూసి.

"నేనేం షికారు చేస్తున్నానా ఇక్కడ?"

"షికారైతే నన్ను కూడా తీసుకెళ్ళేవారుగా."

పిచ్చయ్య నవ్వబోయి, తెర వెనకున్న డాక్టరు గారి మొహం గుర్తొచ్చి దగ్గేశాడు.

ఎండ వాలింది. రెబ్కా చేతులు తిమ్మిరెక్కాయి. పిచ్చయ్య అందుకోబోతే ఇవ్వలేదు. చాలాసేపటికి అడిగింది, మెల్లగా.

"ఉందా?"

"ఉంది. గులాబీ రంగులోనే ఉంది. నీరు పట్టలేదు. ఆపకు రెబ్కా."

ఆ తర్వాత ఆమె అన్నం ఊసెత్తలేదు.

ప్రొఫెసరు గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చారు. నేలమీద కూర్చున్న అమ్మాయిని చూసి ఆగారు.

"ఎవరీవిడ?"

"నా భార్యండి" అన్నాడు ఏసోబు తెర వెనక నుంచి.

"పెళ్ళెప్పుడయిందమ్మా?"

"అయినట్టు ఫొటోలైతే ఉన్నాయండి" అంది రెబ్కా, నొక్కడం ఆపకుండా.

ఆయన తెర వెనక్కి వెళ్ళారు. రెబ్కా బుడగ వైపే చూస్తూ ఉండిపోయింది. బయటికొచ్చిన ఆయన మొహం గంటుపెట్టుకుని ఉన్నారు, పందెం ఓడినవాడిలా.

"గది ఉంచుకో. కానీ ఏసోబూ, ఇది వేళకి కొండమ్మకి అందదయ్యా."

"తెలుసండి. ఆమె తర్వాత వచ్చేవాళ్ళకి." అన్నాడు ఏసోబు. "మిల్లులు మూతపడవు కదండీ."

ఆయన రుమాలు మళ్ళీ ముక్కుకి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆయన గుమ్మం దాటగానే, వెక్కిరించినట్టు, కరెంటు వచ్చింది. యంత్రం మళ్ళీ బుస్సుమంది.

ఏసోబు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వచ్చాడు. రెబ్కా అతనికేసి చూడలేదు. క్యారియర్ తీసుకుని వరండాలోకి నడిచింది. గిన్నెలు విప్పింది. కూర పూర్తిగా చల్లారిపోయింది.

"బాగుందా?"

"ఇంకా నోట్లో పెట్టలేదు."

"పెట్టకుండానే చెప్పాలి. ఇవ్వాళ మీకు ఆ శిక్ష చాలదు."

"బాగుంది" అన్నాడు ఏసోబు.

లోపల, తెర వెనక గాజుపెట్టెలో పొట్టేలు ఊపిరితిత్తులు రెండూ పొంగుతూ కుంగుతూ ఉండగా, మిగతా పొట్టేలుని వాళ్ళిద్దరూ అన్నంలో కలుపుకున్నారు.