సూరేకారం తాగిన వేడి

జట్కా తోలే ఖలందర్ కాలేజీ ల్యాబు కిటికీ దగ్గరకు వచ్చి ఐసు అడిగేసరికి త్రివిక్రమరావుకు ఒళ్లు మండింది.

ప్రొద్దుటూరులో ఐసు దొరకని రోజులవి. కడప నుంచి బస్సులో, వరిపొట్టులో చుట్టి తెప్పించుకునేది ఊరు మొత్తానికి ఈ ఫిజిక్సు లెక్చరరు ఒక్కడే.

అందుకని ఎండాకాలం వస్తే చాలు, ఎవరో ఒకరు ఇంట్లో జ్వరమంటూ దిగేవాళ్లు. మొదట్లో పాపమని ఇచ్చాడు. తీరా చూస్తే ఈ ఊళ్లో జ్వరాలన్నీ పెళ్లి ముహూర్తాలకే వస్తున్నాయి, ఐసంతా షర్బత్తులో తేలుతోంది.

ఖలందర్ కూడా మొన్న చెల్లెలికి జ్వరమని పట్టుకుపోయినవాడే. ఆ రోజే ఆ చెల్లెలి నికా జరిగింది.

త్రివిక్రమరావుకు ఆ ఐసు ప్రాణంతో సమానం.

మందుగుండులో వాడే సూరేకారాన్ని కాస్తే, కరగడానికి చాలా ముందే, గట్టిగా ఉండగానే లోపల దాని అమరిక మారుతుంది. ఆ మార్పు కోసం కొంత వేడి తాగేస్తుంది. థర్మామీటరు మాత్రం కదలదు.

ఆ తాగిన వేడి ఎంతో ఆయన కొలుస్తున్నాడు. కాచిన సూరేకారాన్ని ఐసు మధ్య గొట్టంలో వేసి, ఎంత ఐసు కరిగిందో చూడాలి. చుట్టూ ఉన్న ఐసులో పిడికెడు తీసినా లెక్క తప్పుతుంది.

డాక్టరేటుకు పంపిన ఈ కొలతలను మద్రాసులో ఉండే పరీక్షకుడు తిరునారాయణాచార్యులు రెండుసార్లు తిప్పి పంపాడు. మీరు కొలిచింది సూరేకారం వేడి కాదు, మీ ఊరి ఎండ వేడి అని రాశాడు. ఆ మహానుభావుణ్ణి త్రివిక్రమరావు ఎన్నడూ చూడలేదు. ఫ్యాను కింద కూర్చుని కలం ఆడించేవాడికి కష్టమేం తెలుస్తుందని తిట్టుకునేవాడు.

మూడోసారీ పోతే ఇక అడిగే వీల్లేదు.

"ముసలాయన సార్. బస్టాండులో ఎక్కినాడు, దోవలోనే ఎండకు వాలిపాయ. ఈ తూరి నిజం సార్" అన్నాడు ఖలందర్ కిటికీ అవతల నుంచి.

"పోయిన తూరీ నిజమనే అంటివి కదప్పా."

ఖలందర్ జట్కా వైపు చెయ్యి చూపించాడు.

ఈలోగా ముసలాయన జట్కా దిగి, గోడ పట్టుకుని కిటికీ దాకా వచ్చాడు. నలిగిన పంచె, తడిసిన చొక్కా, చేతిలో ఖాళీ మరచెంబు. ఎవరో పెళ్లివారి తాలూకు పెద్ద అనుకున్నాడు త్రివిక్రమరావు.

ఆయన ఐసు పెట్టె వైపు చాలాసేపు చూశాడు.

"వద్దు నాయనా" అన్నాడు ఖలందర్‌తో. "అందులోంచి ముక్క తీస్తే ఆయన పడ్డ పాటంతా పోతుంది."

తర్వాత ఇటు తిరిగి, "మీ పని కానివ్వండి. అయ్యాక వస్తాను" అన్నాడు.

మిగిలిన ఐసు కోసం వస్తాడు కాబోలు అనుకుని త్రివిక్రమరావు తలుపు వేసుకున్నాడు.

మధ్యాహ్నానికి లెక్క కుదిరింది. మళ్లీ వేసి చూశాడు, మళ్లీ అంతే వచ్చింది.

సాయంత్రమైనా ముసలాయన రాలేదు. అడిగితే, జట్కాలో ఆసుపత్రికి తీసుకుపోయారని ప్యూను చెప్పాడు. త్రివిక్రమరావు మనసు చివుక్కుమంది. మిగిలిన ఐసు గోనెలో చుట్టుకుని తానే బయలుదేరాడు.

ఆసుపత్రి వరండాలో ఖలందర్ మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. గోనె వైపు కూడా చూడలేదు.

"ఇంక దేనికి సార్" అన్నాడు. "పొయ్యేముందర గూడా ఒకటే అడిగినాడు. ఆ సారుకు లెక్క కుదిరిందా, కనుక్కోని రాపో అని. ఆయన్ను ఇడిసిపెట్టి రాబుద్ధి కాలా."

లోపల మంచం పక్కన ప్రిన్సిపాలు శేషాచలం నిలబడి ఉన్నాడు. ముసలాయన జేబులో తన పేర రాసిన ఉత్తరం దొరికి డాక్టరు కబురు పెడితే వచ్చాడట.

గోనె నుంచి నీళ్లు కారి త్రివిక్రమరావు పాదాలు తడుస్తున్నాయి. ఎవరండీ ఈయన అని అడిగాడు.

శేషాచలం దుప్పటి సరిచేసి, మెల్లగా చెప్పాడు. "తిరునారాయణాచార్యులు గారప్పా. నిన్ను రెండుసార్లు కాదన్నది తన తప్పేమోనని, నీ కొలత కండ్లారా చూసి సంతకం పెట్టి పోదామని, ఈ వయసులో ఒక్కడే బయలుదేరి వచ్చినారంట."